సీటు ముందా, విరామం ముందా?

ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థికి జనవరి ఊపిరాడని నెల. జేఈఈ మెయిన్ తొలి విడత ఆ నెలాఖరులోనే ఉంటుంది. వెనకాలే ప్రాక్టికల్స్, ఆపైన బోర్డు పరీక్షలు. అమెరికాలో పేరున్న చాలా విశ్వవిద్యాలయాల దరఖాస్తు గడువు ముగిసేది కూడా జనవరి మొదటి రోజుల్లోనే. బ్రిటన్‌లో ఎక్కువ కోర్సులకు గడువు అదే నెలలో పడుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏ కోర్సుకైనా, ఆ దేశంలో వైద్యం ఎక్కడ చదవాలన్నా, గడువు అంతకు ముందటి అక్టోబర్ 15. జూన్‌లో ర్యాంకులు చూసుకుని, బయటికి పంపుదామా అన్న మాట ఇంట్లో మొదలయ్యేసరికి ఆ తలుపులు మూసుకుని నెలలు దాటి ఉంటాయి. బ్రిటన్‌లో మిగిలిపోయిన సీట్లకు జులైలో క్లియరింగ్ అనే విడత ఉంటుంది గాని, అప్పుడు మొదలుపెడితే డబ్బు, పత్రాలు, వీసా అన్నీ సెప్టెంబర్‌లోపు సర్దుకోవడం గగనం. అలా ఏడాది ఖాళీ వచ్చిపడుతుంది. దాన్ని విద్యార్థీ ఎంచుకోలేదు, తల్లిదండ్రులూ ఎంచుకోలేదు. క్యాలెండర్ ఎంచిపెట్టింది.

విచిత్రంగా, బడి ముగిశాక ఏడాది ఆగి డిగ్రీలో చేరే గ్యాప్ ఇయర్ అనే అలవాటుకు బ్రిటన్‌లో ఊతమిచ్చిన వాటిలో క్యాలెండర్ కూడా ఒకటి. 1980ల మధ్య దాకా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రవేశ పరీక్షను చాలామంది బడి చివరి పరీక్షలైన ఏ-లెవెల్స్ పూర్తయ్యాక, బడిలో ఇంకో టర్మ్ ఉండి మరీ రాసేవారు. ఫలితం శీతాకాలంలో తెలిసేది. తరగతులు మొదలయ్యేది మళ్లీ అక్టోబర్‌లో. సీటు ఖాయమైంది, చేయడానికి పనేమీ లేదు, ముందు దాదాపు తొమ్మిది నెలలున్నాయి. ఆ ఖాళీలో కొందరు ఉద్యోగం చేశారు, కొందరు ఊళ్లు తిరిగారు, కొందరు 1967లో మొదలైన ప్రాజెక్ట్ ట్రస్ట్ వంటి సంస్థల ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాల్లో స్వచ్ఛందంగా పనిచేయడానికి వెళ్లారు. తర్వాత ఆ పరీక్షా విధానం పోయింది, అలవాటు మిగిలింది.

తెలుగు ఇళ్లలో ఇంటర్ తర్వాతి ఖాళీ ఏడాదికి ఉన్న పేరు లాంగ్ టర్మ్. ఉదయం నుంచి రాత్రి దాకా అదే సిలబస్, అవే మాక్ టెస్టులు. దాన్ని విరామం అంటే ఆ హాస్టళ్లలో ఉన్న పిల్లలు నవ్వుతారు. కన్సల్టెన్సీల భాషలో అదే ఏడాది పేరు స్టడీ గ్యాప్. అక్కడ అది సంజాయిషీ చెప్పుకోవలసిన లోపం. ఇంట్లో పెద్దల మాటల్లో ఏడాది వృథా. మూడు పేర్లు పెట్టుకున్నాం గాని, మూడింటిలోనూ సీటు ఇంకా చేతికి రాలేదన్న దిగులే ఉంది. సీటును ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఏడాది ఆగి చేరే దారి ఒకటుందని, కొన్ని దేశాల్లో అది నియమబద్ధమైన పద్ధతి అని మన దగ్గర చాలామంది వినికూడా ఉండరు. దాన్నే డిఫర్ చేసుకోవడం అంటారు.

బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలు దాదాపు అన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా జరుగుతాయి. ఒక దరఖాస్తులో అయిదు కోర్సులు ఎంచుకోవచ్చు. వైద్యం, దంతవైద్యం, పశువైద్యం వంటివైతే నాలుగే. ప్రతి ఎంపిక దగ్గరా ఈ ఏడాది చేరతారా, వచ్చే ఏడాదా అని విడివిడిగా చెప్పవచ్చు. అంటే రెండింటికి ఈ ఏడాది, మూడింటికి వచ్చే ఏడాది అని పెట్టినా యూకాస్‌కు అభ్యంతరం లేదు. వాయిదా మాత్రం ఒక్క ఏడాదికే. ఇంకో నియమం చాలామంది దృష్టికి రాదు. చేరేది ఏడాది తర్వాతే అయినా, ఆఫర్‌లో పెట్టిన మార్కుల షరతును దరఖాస్తు చేసిన ఏడాది ఆగస్టు 31లోపే నెరవేర్చాలి. విరామంలో మళ్లీ పరీక్ష రాసి మార్కులు పెంచుకుందామనుకునేవారికి ఈ దారి పనికిరాదు. సీటు అట్టిపెట్టుకుని, మరుసటి ఏడాది ఇంకా మంచిదేదైనా దొరుకుతుందేమోనని యూకాస్‌లో కొత్తగా దరఖాస్తు పెట్టడమూ కుదరదు. పాతది వదులుకుంటేనే కొత్తది.

ఏడాది ఆలస్యంగా వస్తామంటే అన్ని విభాగాలూ ఒకేలా స్పందించవు. గణితం విషయంలో జంకు ఎక్కువ. ఏడాది లెక్క ముట్టని చేయి మొద్దుబారుతుందన్నది అక్కడి అధ్యాపకుల భయం, అందులో నిజం లేకపోలేదు. భాషలు, మానవీయ శాస్త్రాల వంటి చోట ఆ బెంగ తక్కువ. ఆ భాష మాట్లాడే దేశంలో ఆరు నెలలు ఉండి వస్తానంటే సంతోషించేవారే ఉంటారు. పోటీ విపరీతంగా ఉన్న కోర్సుల్లో చిక్కు మరో రకం. ఈ ఏడాది వాయిదా సీటు ఇస్తే వచ్చే ఏడాది జాబితాలో ఒకటి తగ్గుతుంది. ఇంకా కళ్లతో చూడని వచ్చే ఏడాది దరఖాస్తుదారుల కంటే ఈ విద్యార్థి మెరుగు అన్న నమ్మకం ఎంపిక చేసేవారికి కలగాలి. అందుకే వాయిదా కోరే దరఖాస్తు సాధారణ దరఖాస్తు కంటే ఒక మెట్టు పైన ఉండాలి. ఫారం నింపే ముందే విభాగానికి ఒక ఈమెయిలు రాసి అడగడం ఉత్తమం. జవాబు చాలాసార్లు రెండు వాక్యాల్లో వచ్చేస్తుంది.

ఇక ఆ ఏడాదిలో ఏం చేస్తారో ఎక్కడ చెప్పాలి? 2026 ప్రవేశాల నుంచి యూకాస్ పాత వ్యాసం పద్ధతి మార్చి మూడు ప్రశ్నలు పెట్టింది. ఈ కోర్సు ఎందుకు, చదివిన చదువు దానికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు అన్నవి ఆ మూడు. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకు కనీసం 350. ఇంత ఇరుకులో విరామ ప్రణాళికకు నాలుగైదు వాక్యాలకు మించి చోటు దొరకదు, దొరకాల్సిన అవసరమూ లేదు. ప్రపంచాన్ని చూస్తాను, నన్ను నేను తెలుసుకుంటాను వంటి మాటలు ఎంపిక బల్ల మీద వందలు పడి ఉంటాయి. మేనమామ నడిపే చేపల చెరువులో ఎనిమిది నెలలు నీటి పరీక్షలు, మేత లెక్కలు చూస్తానని జీవశాస్త్రం విద్యార్థి రాస్తే అది ప్రణాళిక. భీమవరం పక్క పల్లెలో జరిగేది కాబట్టి చిన్నదనుకోనక్కరలేదు.

అమెరికాలో పద్ధతి తిరగేసి ఉంటుంది. అక్కడ చాలా చోట్ల దరఖాస్తులో విరామం ఊసే ఎత్తరు. అందరిలాగే దరఖాస్తు చేస్తారు, సీటు వచ్చాక చేరతామని ఒప్పుకుని ముందస్తు రుసుము కడతారు, ఆ తర్వాత ఏడాది వాయిదా ఇమ్మని ఉత్తరం రాస్తారు. ఇవ్వడం ఇవ్వకపోవడం విశ్వవిద్యాలయం ఇష్టం. హార్వర్డ్ అయితే సీటు ఇచ్చే ఉత్తరంలోనే, కావాలంటే ఏడాది ఆగి రండి అని దశాబ్దాలుగా చెబుతూ వస్తోంది. ఒబామా పెద్దకూతురు మాలియా 2016లో బడి ముగించి, హార్వర్డ్‌లో 2017లో చేరింది ఈ దారిలోనే. ప్రిన్స్‌టన్ ఇంకో అడుగు ముందుకేసి 2009 నుంచి బ్రిడ్జ్ ఇయర్ పేరుతో సొంత కార్యక్రమం నడుపుతోంది. సీటు వచ్చిన విద్యార్థులు కొందరిని తొమ్మిది నెలలు ఇతర దేశాల్లో సేవకు పంపుతుంది, ట్యూషన్ ఫీజు తీసుకోదు. మొదటి ఏడాదే ఎంచుకున్న దేశాల్లో భారత్ ఒకటి. 2020లో కోవిడ్ తరగతులు తెరల మీదికి వెళ్లినప్పుడు హార్వర్డ్ కొత్త విద్యార్థుల్లో సుమారు అయిదో వంతు మంది చేరకుండా ఏడాది ఆగారు. అన్ని చోట్లా ఇంత ఉదారత ఉండదు. వాయిదా అసలే ఒప్పుకోని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. సీటు వాయిదా వేసి, ప్రతిభా స్కాలర్‌షిప్‌ను మాత్రం వెనక్కి తీసుకునేవీ ఉన్నాయి. ఈ రెండో రకం గురించి కాగితం మీద రాయించుకోకపోతే మరుసటి ఆగస్టులో గుండె గుభేల్‌మంటుంది.

అమెరికా వాయిదా ఉత్తరాల్లో సాధారణంగా కనిపించే ఒక షరతు తెలుగు కుటుంబాలను ప్రత్యేకంగా దెబ్బతీయగలదు. విరామంలో మరెక్కడా డిగ్రీ క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు, ఇచ్చే చదువులో చేరకూడదన్నది ఆ షరతు. మన ఇళ్లలో ఆలోచన ఎలా ఉంటుందో తెలిసిందే. ఏడాది ఖాళీగా ఎందుకు, ఇంటి దగ్గర డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో పేరు రాయించి ఉంచుదాం, వీసా రాకపోతే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఈ జాగ్రత్తే సీటును పోగొట్టవచ్చు. డిగ్రీలో చేరిన మరుక్షణం ఆ విద్యార్థి చాలా విశ్వవిద్యాలయాల లెక్కలో కొత్త విద్యార్థి కాడు, ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారుతున్న విద్యార్థి. ఆ వర్గానికి నియమాలు వేరు, సీట్లు తక్కువ, ఆర్థిక సాయం మరీ తక్కువ. దాచిపెడదామంటే అది అబద్ధం అవుతుంది, బయటపడితే సీటు రద్దవుతుంది. పైగా మన దగ్గర కాలేజీలో చేరితే ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ చిక్కుకోవడం ఒక తలనొప్పి. విద్యార్థుల అసలు పత్రాలు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే ఆదేశించింది. అయినా మధ్యలో మానేసేవారిని మిగతా ఏళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమనే కాలేజీలు ఇంకా కనిపిస్తాయి. భద్రత కోసం చేరాలనిపిస్తే, ముందు వాయిదా ఉత్తరం చదవాలి. ఏదైనా నేర్చుకోవాలంటే క్రెడిట్లు లేని చోట నేర్చుకోవచ్చు.

మరి ముందు దరఖాస్తు చేసి తర్వాత ఆగడం మేలా, ఆగి ఆ ఏడాదిలో దరఖాస్తు చేయడం మేలా? వాయిదాకు వీలున్న దేశానికి వెళ్లదలచుకుంటే ముందు దరఖాస్తు చేయడంలోనే తెలివి ఉంది. పాఠం చెప్పిన లెక్చరర్‌కు విద్యార్థి ముఖం గుర్తున్న సమయం అది. ఒక్కో సెక్షన్‌లో పదుల మంది ఉండే కార్పొరేట్ జూనియర్ కాలేజీలో, ఏడాది తర్వాత వెళ్లి సిఫారసు ఉత్తరం అడిగితే ఆ లెక్చరర్ వేరే ఊరి శాఖకు బదిలీ అయి ఉంటాడు, లేదా వేరే సంస్థలో ఉంటాడు. రెండో లాభం ఇంకా పెద్దది. ముందు దరఖాస్తు చేసినవారికి రెండు అవకాశాలుంటాయి. తొలిసారి రాకపోతే, ఎలాగూ తీసుకోదలచిన విరామంలోనే రెండోసారి ప్రయత్నించవచ్చు. ఆగి దరఖాస్తు చేసేవారికి ఒక్కటే అవకాశం, అది తప్పితే రెండో ఏడాది కూడా ఖాళీ అవుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది బ్రిటన్‌కు సంబంధించింది. అక్కడ సీట్లు ఇచ్చేది రాబోయే మార్కుల అంచనాల మీద. ఉపాధ్యాయుడు వేసిన అంచనా చూసి విశ్వవిద్యాలయం షరతుతో ఆఫర్ ఇస్తుంది. మన జూనియర్ కాలేజీల్లో చాలా వాటికి ఇలా అంచనా మార్కులు రాసే అలవాటే లేదు. రాసినా మొదటి సంవత్సరం మార్కులు చూసి ఒక అంకె వేస్తారు. మొదటి ఏడాది తడబడి రెండో ఏడాది పుంజుకున్న విద్యార్థికి ఆ అంకె అన్యాయం చేస్తుంది. అలాంటివారు అసలు మార్కుల జాబితా చేతికి వచ్చాక, విరామంలో దరఖాస్తు చేయడమే నయం. అప్పుడు వచ్చే ఆఫర్‌కు మార్కుల షరతూ ఉండదు, ఆగస్టు దాకా గుండె దడా ఉండదు.

సీటు వాయిదా పడినంత తేలికగా దాని చుట్టూ ఉన్నవి వాయిదా పడవు. ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతారు. సాధారణంగా కట్టవలసింది చేరే ఏడాది ఫీజు, ఆఫర్ వచ్చిన ఏడాది ఫీజు కాదు. ఈ పాఠం బ్రిటన్ విద్యార్థులకే బాగా తెలుసు. 1998లో తొలిసారి 1,000 పౌండ్ల ఫీజు పెట్టినప్పుడు, అప్పటికే విరామం ఖాయం చేసుకున్నవారు గొడవ చేస్తే ప్రభుత్వం వారిని మినహాయించింది. 2012లో ఇంగ్లండ్ ఫీజు గరిష్ఠం 3,375 పౌండ్ల నుంచి 9,000కు ఎగబాకినప్పుడు అలాంటి కనికరం చూపలేదు. ఆ ముందు ఏడాది విరామం కోరిన వారి సంఖ్య బాగా పడిపోయింది. ఏడాది తిరుగుడుకు మూడేళ్ల అదనపు ఫీజు ఎవరు కడతారు? స్వదేశీ విద్యార్థులకు ఈ గరిష్ఠం 2025-26లో 9,535 పౌండ్లు. మన పిల్లలకైతే గరిష్ఠమంటూ లేదు, విశ్వవిద్యాలయం ఎంతంటే అంత. దానికి తోడు రూపాయి విలువ.

నియమాలూ అంతే. బ్రిటన్‌లో చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి, పీహెచ్‌డీ వారిని మినహాయించి, అది 18 నెలలకు తగ్గుతుంది. ఏడాది కోర్సు అయిన మాస్టర్స్‌ను డిఫర్ చేసుకునేవారు ఇలాంటి తేదీల మీద కన్నేసి ఉంచాలి. పత్రాలకూ ఆయుష్షు ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి, జీఆర్ఈ అయిదేళ్లు. బ్రిటన్ వీసాకు కావలసిన క్యాస్ అనే అంగీకార పత్రం, టీబీ పరీక్ష ధ్రువపత్రం రెండూ ఆరు నెలలే. ఉత్సాహం కొద్దీ అన్నీ ముందే చేయించుకుంటే అన్నీ రెండోసారి చేయించుకోవాలి. అమెరికాకు ఎమ్మెస్ అడ్మిట్ తెచ్చుకుని, వీసా స్లాట్ దొరక్క ఆగస్టులో మొదలయ్యే ఫాల్ నుంచి జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కు మార్చుకునే హైదరాబాద్, విజయవాడ విద్యార్థులకు ఈ బాధ కొత్తది కాదు. వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది, మారిన తేదీలు, బ్యాంకు పత్రాలు మళ్లీ మొదటి నుంచి.

మన దేశంలో పరిస్థితి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఐఐటీల్లో, వైద్య కళాశాలల్లో, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో, సీటు తీసుకుని ఏడాది ఆగి వస్తాననే గడి ఎక్కడా లేదు. ర్యాంకు ఆ ఏడాదికే. ఐఐటీ నియమాలు ఇంకా కఠినం. ఇంటర్ తొలిసారి రాసిన ఏడాది, ఆ మరుసటి ఏడాది, వరసగా రెండుసార్లే జేఈఈ అడ్వాన్స్‌డ్. ఐఐటీలో ఒకసారి చేరి వదులుకుంటే మళ్లీ రాయడానికి అర్హత పోతుంది. 2024 నవంబర్ 5న ఈ రెండును మూడుకు పెంచుతున్నట్టు ప్రకటించి, రెండు వారాలు తిరగకుండానే వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రకటన నమ్మి చేరిన కాలేజీలు మానేసిన పిల్లలు సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. నవంబర్ 5 నుంచి 18 మధ్య చదువు మానేసినవారికి మాత్రం పరీక్ష రాసే వీలు కల్పిస్తూ 2025 జనవరిలో కోర్టు ఊరటనిచ్చింది. ఒక ఏడాది విలువ ఎంతో ఆ పిల్లలను అడగాలి. నీట్‌కు ప్రయత్నాల పరిమితి లేదు కాబట్టి అక్కడ లాంగ్ టర్మ్ ఒకటి రెండవుతుంది, రెండు మూడవుతుంది. ఏడాదిని మళ్లీ అదే పరీక్షకు ఖర్చు చేయడాన్ని ఈ వ్యవస్థ ప్రశ్నించదు. మరే పనికి వాడినా గ్యాప్ సర్టిఫికెట్ తెమ్మంటుంది. నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద, ఈ ఏడాది ఎక్కడా చదవలేదు, ఏ నేరమూ చేయలేదు అని ప్రమాణం చేసి ఇవ్వాలి.

విరామాన్ని అనుమానంగా చూసేది మనమొక్కరమే అనుకోనక్కరలేదు. డెన్మార్క్‌లో బడి ముగించాక ఏడాదో రెండేళ్లో ఆగడం మామూలు. యువత పన్ను కట్టే వయసు ఆలస్యమవుతోందని ప్రభుత్వం 2009 నుంచి ఒక ఎర వేసింది. రెండేళ్లలోపు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేస్తే సగటు మార్కులను 1.08తో హెచ్చవేసేవారు. పిల్లలను ఆలోచించుకోనివ్వకుండా తొందరపెడుతోందన్న విమర్శల మధ్య 2020లో దాన్ని ఎత్తేశారు.

వీసా దగ్గర స్టడీ గ్యాప్ అంటే తెలుగు విద్యార్థులకు ఉన్న భయం అసలు ప్రమాదం కంటే పెద్దది. ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య ఒక ఏడాది, దానికి నిజమైన కారణం ఉంటే, అదొక్కటే ఎవరినీ ఆపదు. జేఈఈ రెండోసారి రాశాను, ర్యాంకు రాలేదు అన్నది పూర్తి సమాధానమే, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవారే ప్రమాదం. ఖాళీ కనిపించకూడదని, ఎన్నడూ పనిచేయని సంస్థ నుంచి అనుభవ పత్రం పుట్టించి ఇస్తామనే ఏజెంట్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. దొంగ పత్రం తేలితే బ్రిటన్ పదేళ్ల దాకా వీసా దరఖాస్తులు తిరస్కరించగలదు. అమెరికాలో తప్పుడు సమాచారంతో వీసా కోరినట్టు నిర్ధారిస్తే ఆ అనర్హత శాశ్వతం. ఏడాది ఖాళీని కప్పిపుచ్చడానికి జీవితకాలం పణంగా పెట్టడం ఎలాంటి బేరమో వేరే చెప్పాలా?

నిజమైన పనికి నిజమైన కాగితం తీసుకోవడం మాత్రం మరవకూడదు. బంధువుల దుకాణంలో లెక్కలు చూసినా, ఊరి బడిలో పిల్లలకు పాఠం చెప్పినా, తేదీలతో, చేసిన పని వివరంతో, సంతకంతో ఒక పుట రాయించుకోవాలి. ఇంటర్ ఆఖరి పరీక్ష రాసి హాస్టల్ గది ఖాళీ చేసే రోజున పెట్టెలు సర్దే హడావిడిలో చాలామంది టీసీ, మెమో గురించే అడుగుతారు. ఇద్దరు లెక్చరర్ల సొంత ఈమెయిలు చిరునామాలు కూడా అప్పుడే రాసుకోవాలి. కాలేజీ ఇచ్చిన ఈమెయిలు ఆ లెక్చరర్ ఉద్యోగం మారిన రోజునే మూగబోతుంది. యూకాస్ అయినా అమెరికా దరఖాస్తు అయినా, సిఫారసు కోరుతూ లింకు వెళ్లేది ఆ చిరునామాకే.